బోల్టు కింద తుప్పు, బ్యాటరీ మీద నింద

తెల్లవారుజాము నాలుగున్నర. కడియం నర్సరీల నుంచి మొక్కలెత్తుకున్న పాత ఓమ్నీ ఒకటి బయల్దేరాలి. డ్రైవరు తాళం తిప్పితే కింద నుంచి ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంటుంది. సెల్ఫ్ తిరగదు. ఇద్దరు దిగి వెనక నుంచి తోస్తే బండి దగ్గుకుంటూ అందుకుంటుంది. “బ్యాటరీ అయిపోయిందండీ” అని తీర్పు అక్కడే వచ్చేస్తుంది. మధ్యాహ్నానికి కొత్త బ్యాటరీ పడుతుంది. రెండు వారాలు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ అదే ‘టక్’. ఈసారి సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్షులు మారుస్తారు. ఆపైన వంతు డైనమోది. జేబు ఖాళీ అయ్యాక ఎవరో ఒకరు బండి కిందికి దూరి, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య వేలాడే రాగి అల్లిక పట్టీని, అంటే ఎర్త్ పట్టీని చూస్తారు. సగం పోగులు తెగి ఉంటాయి, మిగిలినవి చిలుము పట్టి పచ్చబడి ఉంటాయి. బ్యాటరీకి వేలు పెట్టిన చోట దీని ఖరీదు వందల్లోనే.

ఏ ఊరి ఆటోనగర్‌లో అడిగినా ఈ వరస కొత్తేమీ కాదంటారు. మరి తప్పు ఎర్త్‌లో ఉంటే, కొత్త బ్యాటరీతో రెండు వారాలు ఎలా నడిచినట్టు? కొత్తది కాబట్టి దానికి బలం ఎక్కువ, తుప్పునూ తోసుకుని కొన్నాళ్లు సెల్ఫ్‌ను తిప్పగలదు. పైగా బిగించేటప్పుడు టెర్మినళ్లు కదిపి, గీకి, శుభ్రం చేస్తారు. చాలా బళ్లలో జబ్బు కుదిర్చింది ఆ గీకుడే. పేరు మాత్రం బ్యాటరీకి వచ్చింది.

ఈ దండగ ఖర్చుకు మెకానిక్‌ను తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ అసలు లోపం షెడ్డు దగ్గర జరిగే బేరంలో ఉంది. బండి యజమాని పార్టుకు డబ్బిస్తాడు, వెతుకులాటకు ఇవ్వడు. జ్వరమొస్తే రక్తపరీక్షకు ముందే డబ్బు కట్టి వరసలో కూర్చునే మనిషి, బండికి మీటరు పెట్టి చూసినందుకు రెండు వందలు అడిగితే “ఏం మార్చావని?” అంటాడు. ఏదో ఒకటి మారిస్తే తప్ప కూలి రాదని తేలినప్పుడు షెడ్డు ఏదో ఒకటి మారుస్తుంది. ఎర్త్ తప్పులకు ఈ బేరం వల్ల జరిగే నష్టం ఎక్కువ, ఎందుకంటే అక్కడ మార్చవలసింది దాదాపు ఏమీ ఉండదు. వెతకడమే పని.

ఎర్త్ అన్న మాట దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది. ఇంట్లో ఎర్త్ అంటే పెరట్లో గుంట తవ్వి, పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి, ఎండాకాలం నాలుగు చెంబుల నీళ్లు పోసుకునే ఏర్పాటు. అది కాపలా తీగ. ఫ్రిజ్జు బాడీకి కరెంటు తగిలిన రోజున తప్ప దానికి పని పడదు. వ్యాన్‌లో ఎర్త్ వేరు. నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి నేలతో పనేముంది? బ్యాటరీ మైనస్‌ను బాడీ రేకుకూ ఇంజిన్‌కూ కలిపి, ఆ ఇనుమునే తిరుగు తీగగా వాడుకుంటారు. ప్రతి బల్బుకూ రెండో తీగ వెనక్కి లాగే ఖర్చు తప్పుతుంది. ప్లస్ వైపు నుంచి ఎంత కరెంటు వెళ్తుందో అంతా ఈ రేకు దారినే, ఆ రెండు మూడు బోల్టుల మీదుగానే బ్యాటరీకి తిరిగి రావాలి. అంటే వాహనంలో ఎర్త్ రోజంతా బరువు మోసే కూలీ. ఇంకో తమాషా ఉంది. ఇంటి ఎర్త్‌కు ఉప్పు మేలు చేస్తుంది, బండి ఎర్త్‌కు అదే ఉప్పు విషం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం సముద్రగాలిలో తీగ కొసన ఉండే రాగి లగ్గూ ఇనుప రేకూ కలిసే చోట తడి, ఉప్పు చేరితే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు కరెంటుకు అడ్డుగోడ.

ఈ గొడవంతా ఓమ్నీ చుట్టూ తిప్పడానికి కారణం ఉంది. 1984లో మారుతి వ్యాన్‌గా రోడ్డెక్కి, 1988లో ఓమ్నీ పేరు పెట్టుకున్న ఈ 796 సీసీ బండి 2019 దాకా తయారైంది. బడి పిల్లల్ని మోసింది, అంబులెన్సు అయింది, ఎన్నికల మైకు కట్టుకుంది, సాయంత్రానికి టిఫిన్ బండిగా మారింది. చివరి ఏడాది రిజిస్టరైన సొంత వ్యానుకు కూడా మొదటి 15 ఏళ్ల గడువు 2034తో గానీ తీరదు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగినా, మరో బండి కొనలేని చిన్న వ్యాపారి అది కట్టుకుని లాక్కొస్తున్నాడు. కాబట్టి ముసలి వ్యాన్ల వైరింగు ముచ్చట ఇప్పట్లో ముగిసేది కాదు.

వయసు మీద పడ్డ వ్యాన్‌కు ఎర్త్ ఎందుకు పోతుందంటే దారులు చాలా. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ఏ బండిలోనైనా ఇంజిన్ కూర్చునేది రబ్బరు దిమ్మెల మీద. రబ్బరు కుదుపును ఆపినట్టే కరెంటునూ ఆపుతుంది. అందుకే ఇంజిన్ నుంచి బాడీకో బ్యాటరీకో విడిగా ఒక తీగ తప్పనిసరి. ఇంజిన్ అదిరినప్పుడల్లా ఆ తీగా అదురుతుంది, కింద నుంచి బురద చిమ్ముతుంది, ఏళ్ల తరబడి వంగి వంగి పోగు పోగుగా తెగుతుంది. ఇంజిన్ వెనక ఉండే పాత ఫోక్స్‌వాగన్ బస్సులోనూ ఇదే తంతు. అందులో గేర్‌బాక్సు ముందు కొసను బాడీకి కలిపే అల్లిక పట్టీ ఒకటుంది. సెల్ఫ్ నీరసంగా తిరిగితే ముందు దాన్నే చూడమని ఆ బస్సులు పెంచుకునే విదేశీయులు ఒకరికొకరు చెప్పుకుంటారు.

మనుషులు తెచ్చిపెట్టే తిప్పలు వేరే ఉన్నాయి. ఫిట్‌నెస్‌కు ముందు బండిని టింకరింగ్ షెడ్డుకు పంపిస్తారు. అక్కడ ఎర్త్ బోల్టులు విప్పి, రేకు సరిచేసి, పుట్టీ పూసి, రంగు కొట్టి, ఆ రంగు మీదే లగ్గు పెట్టి బిగిస్తారు. పెళ్లికొడుకులా మెరుస్తున్న బండిలో వెనక లైటు గుడ్డిగా వెలుగుతుంది. ఆ పైన స్పీకర్లు, ఫాగ్ లైట్లు, రంగుల ఎల్ఈడీ పట్టీలు. ప్రతిదాని నల్ల తీగనూ దగ్గరున్న ఏదో స్క్రూ కింద ఇరికిస్తారు. ఒక్క స్క్రూ కింద అయిదు తీగలు చేరాక అది ఏ గతుకుకు వదులైందో ఎవరికీ పట్టదు.

ఎర్త్ పోయిన బండి దయ్యం పట్టినట్టు ప్రవర్తిస్తుంది. ఎడమ ఇండికేటరు వేస్తే వెనక ఎర్ర లైటు కూడా దానితో పాటు మిణుకుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు ఆగిపోతుంది. దీని వెనక మంత్రమేమీ లేదు. ఇంటి మురుగు తూము మూసుకుపోతే స్నానాల గదిలో పోసిన నీళ్లు వంటింటి తూములోంచి పైకి వస్తాయి కదా, ఇదీ అంతే. వెనక లైట్ల గుత్తికంతటికీ ఎర్త్ తీగ ఒకటే. అది మూసుకుపోతే ఇండికేటరు కరెంటు పక్క బల్బు ఫిలమెంటులోకి దూరి, దాని దారిన ఎర్త్‌ను వెతుక్కుంటుంది. ఈ సంగతి తెలియక బల్బులూ ఫ్లాషరూ స్విచ్చూ మార్చుకుంటూ పోతే పచారీ కొట్టు చీటీలా బిల్లు పెరుగుతుంది. హెడ్‌లైట్లు వేయగానే పెట్రోలు ముల్లూ టెంపరేచరు ముల్లూ రెండూ ఒకేసారి జరిగితే అక్కడా అనుమానించవలసింది మీటర్ల ఎర్త్‌నే. రెండు మీటర్లు ఒక్క రోజే కూడబలుక్కుని చెడిపోవు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది క్లచ్ కేబుల్ కథ. ఇంజిన్ ఎర్త్ పూర్తిగా తెగిపోతే సెల్ఫ్ లాగే కరెంటు ఆగి ఊరుకోదు. ఇంజిన్ నుంచి బాడీకి ఇనుముతో ఏ లంకె ఉంటే అందులోంచి పోతుంది. సన్నటి క్లచ్ కేబులూ, యాక్సిలరేటరు కేబులూ దానికి దొరికే దారులు. అవి వేడెక్కి లోపలి ప్లాస్టిక్ గొట్టం కరుగుతుంది, ఒక్కోసారి పొగ వస్తుంది. క్లచ్ బిగుసుకుపోయిందని కేబుల్ మారుస్తారు, కొత్తదీ కొన్నాళ్లకు అలాగే అవుతుంది. పెట్రోలో గ్యాసో నింపుకున్న వ్యాన్‌లో, పిల్లలు కూర్చునే సీట్ల దాపున, ఇలాంటి వేడి చూస్తూ ఊరుకోదగ్గది కాదు.

లెక్క చూస్తే ఇంత చిన్న తుప్పుకు ఇంత రభస ఎందుకో తెలుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ ఓమ్ 1827లో అచ్చువేసిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. చిన్న ఇంజిన్‌నైనా తిప్పేటప్పుడు సెల్ఫ్‌కు ఇంచుమించు 100 ఆంపియర్లు కావాలి. ఎర్త్ జాయింటులో 0.01 ఓమ్ అడ్డుంటే, అంటే మామూలు మీటరు సున్నా అని చూపించేంత అడ్డు, అక్కడే ఒక వోల్టు పోతుంది. ఆ బోల్టు దగ్గర 100 వాట్ల వేడి పుడుతుంది. అడ్డు మూడింతలైతే పోయేది మూడు వోల్టులు. 12 వోల్టుల బండిలో అంత పోతే ‘టక్’ తప్ప ఇంకేం వినపడుతుంది? హెడ్‌లైటుకూ ఇదే గతి. హాలోజన్ బల్బుకు 12కు బదులు 10 వోల్టులే అందితే వెలుగు ఇంచుమించు సగానికి పడిపోతుంది. రాత్రి జాతీయ రహదారి మీద ఆ సగం వెలుగుతో పోయేవాళ్లు, బల్బు ఏ కంపెనీదా అని ఆలోచిస్తుంటారు.

జాయింటు దగ్గర అడ్డు ఎంత పని చేస్తుందో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలకు 2008లో అనుభవమైంది. 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల లార్జ్ హాడ్రాన్ కొలైడర్ సెప్టెంబరు 10న మొదలైంది. తొమ్మిది రోజులకే, రెండు అయస్కాంతాల నడుమ సరిగా అతకని ఒక్క జాయింటు వేడెక్కి, టన్నుల కొద్దీ హీలియం బయటికి చిమ్మింది. యంత్రం మళ్లీ నడిచింది 2009 నవంబరులో. బాగుచేసేటప్పుడు అక్కడివాళ్లు పాడైన అయస్కాంతాలు మార్చి చేతులు దులుపుకోలేదు, మిగతా జాయింట్లలో అడ్డు ఎంతుందో కొలుచుకుంటూ పోయారు. ఓమ్నీకీ ఆ యంత్రానికీ పోలికేమిటని నవ్వవచ్చు. కొలిచి చూసుకునే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

వ్యాన్‌లో కొలవడానికి కావలసింది కొన్ని వందలకు దొరికే మల్టీమీటరు, తాళం తిప్పడానికి మరో మనిషి. బండి న్యూట్రల్‌లో ఉండాలి, ఇంజిన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ తీగ ఊడదీయాలి. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల కొసను బ్యాటరీ మైనస్ దిమ్మె మీదే ఆనించాలి. పైన బిగించిన క్లాంపు మీద కాదు, సీసం దిమ్మె మీద. ఎర్ర కొస ఇంజిన్ మీద, రంగూ జిడ్డూ లేని చోట. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించాలి. మీటరు 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే దొంగ ఈ దారిలోనే ఉన్నాడు. ఇక దారిని ముక్కలు చేసి చూడాలి. దిమ్మె నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు. ఎక్కడ అంకె ఎగిరితే అక్కడ తుప్పు. లైట్లకైతే లైటు వెలుగుతుండగా బల్బు హోల్డరు ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కు చూడాలి, 0.1 వోల్టుకు మించకూడదు. మొత్తం పది నిమిషాల పని.

కిటుకంతా ‘పని జరుగుతుండగా’ కొలవడంలో ఉంది. చాలామంది మీటరును బజరు మీద పెట్టి తీగ రెండు కొసలూ తాకిస్తారు. ‘కుయ్’మని మోగగానే తీగ బాగుందని తీర్మానిస్తారు. ఆ బజరుకు పోయే కరెంటు పిసరంత. ఇరవై పోగుల్లో పందొమ్మిది తెగినా మిగిలిన ఒక్క పోగు దాన్ని మోగిస్తుంది. సెల్ఫ్ అడిగే 100 ఆంపియర్లను అదే పోగు మొయ్యలేదు. పాత మేస్త్రీలకు ఈ సంగతి మీటర్లు లేని కాలంలోనే తెలుసు. టెస్టింగుకు వాళ్లు హెడ్‌లైట్ బల్బుకే రెండు తీగలు అతికించుకుని వాడేవారు. దానికి నాలుగయిదు ఆంపియర్లు కావాలి గనక తుప్పు దాని ముందు దాక్కోలేదు. అసలేమీ లేకపోయినా ఒక దారుంది. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండోది తిన్నగా ఇంజిన్‌కు తగిలించి సెల్ఫ్ కొడితే, అప్పటిదాకా మొరాయించిన బండి చురుగ్గా తిరిగితే విచారణ ముగిసినట్టే.

దొరికాక బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయాలి. బోల్టు విప్పి, లగ్గు కూర్చునే మేర రంగూ తుప్పూ ఎమెరీ కాగితంతో గీకి ఇనుము మెరిసేలా చేయాలి. పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించి, ఆ పైన గ్రీజో వాజలీనో పూయాలి. తెగిన పట్టీ స్థానంలో ఇంటి వైరింగులో మిగిలిన సన్న తీగ కట్టడం మాత్రం కూడదు. స్విచ్‌బోర్డుకు సరిపోయే తీగ సెల్ఫ్ మోటారుకు ఆనదు, వేడెక్కుతుంది.

షెడ్డు వాళ్ల వైపు నుంచి చెప్పుకోవలసిన మాటలూ ఉన్నాయి. నాలుగేళ్లు వాడిన బ్యాటరీ నిజంగానే పోయి ఉండవచ్చు. బయట మూడు బళ్లు వరసలో ఉంటే ఒక్క బండి కింద గంటసేపు పడుకోవడం కుదరదు. వెతికి బోల్టు గీకి ఇస్తే “గీకినందుకు అయిదు వందలా?” అన్న మాట పడాలి. అదే బ్యాటరీ మార్చి బిల్లిస్తే ఎవరూ నోరెత్తరు, పైగా గ్యారంటీ కార్డు చేతికొస్తుంది. ఇంత చెప్పినా ఒక ప్రశ్న మిగులుతుంది. బ్యాటరీ మార్చే ముందు పది నిమిషాలు మీటరు పెట్టకపోవడానికి తీరిక లేకపోవడం సాకు అవుతుందా? ఊడదీసి బిగించడానికే అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

ఈ బేరం మారాలంటే షెడ్డులో పరీక్షకు విడిగా ధర ఉండాలి. బోర్డు మీద రాసి ఉండాలి. పని అక్కడే చేయించుకుంటే ఆ మొత్తం బిల్లులో తగ్గించవచ్చు. యజమాని కూడా మూడు అంకెలు అడిగి చీటీ మీద రాయించుకోవాలి. ఇంజిన్ ఆపి కొంతసేపు నిలిపాక బ్యాటరీ వోల్టేజి ఎంత (నిండా చార్జి ఉంటే 12.6 దగ్గర ఉండాలి), సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంతకు పడింది (10కి బాగా కిందికి పోకూడదు), ఎర్త్ దారిలో ఎంత పోయింది. ఈ మూడూ రాయకుండా బ్యాటరీ మార్చమనే షెడ్డును నమ్మనక్కర్లేదు. రాసి చూపించే షెడ్డుకు అడిగినంత ఇవ్వడం దండగ కాదు.

ఐటీఐల బాధ్యత మరొకటి. మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు అక్కడ రెండేళ్లు. ఆ రెండేళ్లలో ప్రతి విద్యార్థీ తుప్పు పట్టిన పాత బండి ఒకదాని మీద ఎర్త్ తప్పును తనంత తాను పట్టుకోకుండా బయటికి రాకూడదు. కొత్త బళ్లలో కంప్యూటర్లూ సెన్సర్లూ పెరిగే కొద్దీ ఈ విద్యకు గిరాకీ పెరుగుతుందే గానీ తగ్గదు. సెన్సరు పంపేది వోల్టులో చిన్న భాగమైనప్పుడు ఎర్త్‌లో పావు వోల్టు తేడా కూడా దాన్ని అబద్ధాలకోరును చేస్తుంది.

ఫిట్‌నెస్ కేంద్రాల్లోనూ పైసా ఖర్చు లేకుండా ఒక మార్పు తేవచ్చు. స్కూలు వ్యాన్ల వంటి రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఈ పరీక్ష తప్పదు. లైట్లు ఒక్కొక్కటిగా వేసి చూస్తే ఎర్త్ తప్పు దాక్కుంటుంది, ఒక్క బల్బు కరెంటును తుప్పు పట్టిన స్క్రూ కూడా ఎలాగో మోస్తుంది. హెడ్‌లైట్లు, పార్కింగు, ఇండికేటరు, బ్రేకు అన్నీ ఒకేసారి వేయించి, వెనక నిలబడి ఒక్క నిమిషం చూస్తే చాలు. ఎర్త్ బాగున్న బండిలో దేని పని అది చేస్తుంది. బాగాలేని బండిలో ఒకటి వెలిగితే ఇంకొకటి మసకబారుతుంది. పిల్లల్ని ఎక్కించుకునే వ్యాన్‌కు ఆ ఒక్క నిమిషం కేటాయించడం కష్టమా?

ఇక ఆ మొక్కల ఓమ్నీలోంచి తీసేసిన పాత బ్యాటరీ సంగతి. కొత్తదాని ధరలో కొంత తగ్గించి దుకాణం వాళ్లు దాన్ని ఉంచేసుకుంటారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం అలాంటివి రీసైక్లింగుకు చేరాలి. దుకాణం గుమ్మం పక్కన తుక్కు బ్యాటరీల గుట్టలో అదీ ఒకటై కూర్చుంటుంది, సీసం కరిగించే బట్టీకి పోయే లారీ కోసం. దాని రెండు దిమ్మెల మీద మీటరు పెట్టి, అది నిజంగా చచ్చిందా బతికుందా అని చూసినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.